ఒక ప్రోటాను తీసుకోండి

ఇరవై రెండేళ్లు ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకి సైక్లోట్రాన్ పాఠం, అంటే కణాలను గుండ్రంగా తిప్పి జోరెక్కించే యంత్రం పాఠం, చెప్పాను. ఏటా ఒకే మాటతో మొదలుపెట్టేవాణ్ణి: "ఒక ప్రోటాను తీసుకోండి." పోపులడబ్బాలోంచి చిటికెడు ఆవాలు తీసుకోండి అన్నంత ధీమాగా. పిల్లలు తీసుకునేవాళ్లు, అంటే నోట్సులో ఒక చుక్క పెట్టుకునేవాళ్లు. నేను బోర్డు మీద డి అక్షరం ఆకారంలో ఉండే రెండు పెట్టెలు, డీలు, గీసి, వాటి నడుమ సుద్దముక్కతో చుక్క పెట్టి, పక్కన ‘ఎస్’ అని రాసేవాణ్ణి. ఎస్ అంటే ఏమిటని అడిగితే ‘స్టార్ట్’ అని చెప్పేవాణ్ణి.

ఎస్ అంటే సోర్స్. ఆ చుక్క ఉన్నచోట నిజంగా ఒక పరికరం ఉంటుంది. దాన్ని తయారుచేయడానికి, చేశాక చెడిపోకుండా నడిపించుకోవడానికి మనుషులు జీవితాలు ధారపోశారు. ఈ సంగతి నాకు రిటైరయ్యాక, పోయినేడాది తెలిసింది. ఆలస్యంగా తెలిసినందుకు సిగ్గు లేదు. తెలియని రోజుల్లో తెలిసినట్టు చేసిన ఘనకార్యాలున్నాయి, వాటికే సిగ్గు.

మొదటిది క్లాసులోనే జరిగింది. "సార్, ప్రోటాను తీసుకోమన్నారు కదా, ఎక్కడినుంచి తీసుకోవాలి?" అని రెండో బెంచీ అమ్మాయి అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి "రేపు చెప్తానమ్మా" అని ఉంటే పరువు దక్కేది. మేకపోతు గాంభీర్యం అడ్డొచ్చింది. "రేడియోధార్మిక పదార్థం నుంచి" అన్నాను. అది చాలదన్నట్టు రేడియం, పొలోనియం అని రెండు పేర్లు కూడా తగిలించాను.

ఆ జవాబు మరీ గాల్లోంచి ఊడిపడలేదు. రూథర్‌ఫర్డ్ బంగారు రేకు ప్రయోగం కూడా నేనే చెప్పేవాణ్ణి. అందులో ఆల్ఫా కణాలు వచ్చింది రేడియోధార్మిక మూలకం నుంచే. 1919లో ఆయనే ఆల్ఫాలతో నైట్రోజన్‌ను కొట్టి అందులోంచి ప్రోటాన్లు రాలగొట్టాడు. ఈ రెండూ కలిపి బుర్రలో ఒక పులుసు కాచుకున్నాను. రేడియం లాంటివి విడిచేది ఆల్ఫా, బీటా, గామాలని అదే నోటితో మరో పాఠంలో చెప్పేవాణ్ణి కూడా. పుంజంగా ప్రోటాన్లు కక్కే రేడియోధార్మిక పదార్థం ఎక్కడుందని నన్ను నేను అడగలేదు.

దీంట్లో ఇంకో తమాషా ఉంది. రేడియోధార్మిక మూలకాల నుంచి వచ్చే కణాలు చాలడం లేదు, వాటికంటే జోరైనవి, సమృద్ధిగా దొరికేవి కావాలని 1927లో రాయల్ సొసైటీ సభలో కోరినవాడు రూథర్‌ఫర్డే. ఆ కోరికే కేంబ్రిడ్జిలో ఆయన ప్రయోగశాల కుర్రాళ్లు కాక్‌క్రాఫ్ట్, వాల్టన్‌ల చేత యంత్రం కట్టించింది. 1932లో వాళ్లు ప్రోటాన్లతో లిథియం కేంద్రకాన్ని చీల్చారు. ఆ ప్రోటాన్లు హైడ్రోజన్ వాయువు నింపిన గొట్టంలో కరెంటు పారించి పుట్టించుకున్నవి. అంటే, రేడియం చాలడం లేదని కట్టిన యంత్రానికి నేను మళ్లీ రేడియమే మేత వేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ నెల యూనిట్ పరీక్షలో ఒక అబ్బాయి, వెనక బెంచీవాడు, "ప్రోటాన్లు హైడ్రోజన్ వాయువు నుంచి వస్తాయి" అని రాశాడు. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి అర మార్కు కోసేశాను. మార్జిన్‌లో ‘ఊహలు వద్దు’ అని కూడా రాశాను. ఏటా ‘అనుకుందాం’, ‘తీసుకుందాం’ అంటూ బతికినవాణ్ణి నేను, ఊహలు వద్దని బోధించింది వాడికి.

పోయినేడాది ఆ రెండో బెంచీ అమ్మాయి వాట్సాప్‌లో పలకరించింది. యూరప్‌లో ఒక ప్రయోగశాలలో పనిచేస్తోందట. ఏం పనమ్మా అంటే "అయాన్ సోర్సులు సార్, మీరు చెప్పారు కదా, రేడియం పొలోనియం, అదే డిపార్ట్‌మెంటు" అంది. వెక్కిరింపు లేదు గొంతులో. అదే ఇంకా కష్టంగా అనిపించింది. కాసేపటికి ఒక ఫోటో పంపింది. మామూలు ఇనప సిలిండరు, ఎత్తు మోకాలి దాకా ఉంటుందేమో. "ఏంటమ్మా ఇది, నిప్పార్పేదా?" అని అడిగాను. "కాదు సార్, ఎల్‌హెచ్‌సీ ప్రోటాన్లన్నీ ఇలాంటి దాంట్లోంచే వస్తాయి. హైడ్రోజన్."

జెనీవా దగ్గర సెర్న్‌లో ఉన్న ఎల్‌హెచ్‌సీ అంటే 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగంలో ప్రోటాన్లను తిప్పి ఢీకొట్టించే యంత్రం. అంత యంత్రానికి ఇంత సీసానా అని నమ్మకం కుదరక "రోజుకి ఇలాంటివి ఎన్ని లోడ్లు దిగుతాయమ్మా?" అని అడిగాను. అడిగాక నాకే అనుమానం వచ్చి కాగితం తీశాను. లెక్క నాకు చేతనైన పనే. డిజైను ప్రకారం నిండుగా నింపితే ఒక పుంజంలో 2808 గుంపులు, గుంపుకి సుమారు 11,500 కోట్ల ప్రోటాన్లు. ఎదురెదురుగా తిరిగే రెండు పుంజాలూ కలిపితే ఆరున్నర పక్కన పద్నాలుగు సున్నాల చిల్లర. ఒక గ్రాము హైడ్రోజన్‌లో ప్రోటాన్లు ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలు. భాగిస్తే దారిలో పోయేవి వదిలేసి, ఒక్క గ్రాముతో ఆ సొరంగాన్ని దాదాపు 90 కోట్ల సార్లు నింపొచ్చు. తిరునాళ్లలో పిల్లలు కొనుక్కునే గాలిబుడగలో పావు గ్రాము హైడ్రోజన్ ఉందనుకున్నా, ఆ యంత్రం తన జన్మంతా తిన్నా అది తరగదు. లోడ్లు అని అడిగినవాడు ఎంఎస్‌సీ ఫిజిక్స్.

సరే, హైడ్రోజన్ వాయువుని ప్రోటాన్లుగా ఎలా చేస్తారు? నా రెండో మూర్ఖత్వం ఇక్కడ మొదలైంది. ఎలక్ట్రాన్ ఊడగొడితే ప్రోటాను మిగులుతుంది, అంతే కదా అనుకున్నాను. ఊడగొట్టడం వరకూ నిజమే. సెర్న్‌లో 1978 నుంచి 2018 దాకా నడిచిన లినాక్-2 అనే మొదటి మెట్టు యంత్రం ముక్కు దగ్గర డ్యూయోప్లాస్మట్రాన్ అనే సోర్సు ఉండేది. దాన్ని రూపొందించినవాడు జర్మన్ శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ఫాన్ ఆర్డెన్. వేడెక్కిన కాథోడు ఎలక్ట్రాన్లను విడుస్తుంది. అవి పరిగెత్తి పలచటి హైడ్రోజన్‌ను ఢీకొని ముక్కలుచేస్తాయి. ట్యూబ్‌లైట్లో జరిగే దానికి పెద్దన్న అనుకోండి. అలా వెలిగే ప్లాస్మాను ముందు సన్నటి మూతి ఉన్న ఎలక్ట్రోడుతో, తర్వాత అయస్కాంత క్షేత్రంతో నొక్కుతారు. రెండుసార్లు నొక్కుతారు కాబట్టి డ్యూయో. చివర చిన్న బెజ్జం. బెజ్జం బయట ఎదురు వోల్టేజీ పెడితే పాజిటివ్ అయాన్లు లాక్కొచ్చినట్టు బయటికొస్తాయి. వచ్చేవన్నీ ప్రోటాన్లే కావు. రెండు పరమాణువులు అతుక్కుపోయినవి, మూడు అతుక్కుపోయినవి కూడా వాటితో దూరి వస్తాయి. వాటిని దారిలో ఏరెయ్యాలి. నా చుక్క ఇన్ని పనులు చేస్తోందని నాకేం తెలుసు.

బయటికొచ్చిన క్షణం నుంచీ ఇంకో గొడవ. అన్నీ పాజిటివే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. నెమ్మదిగా ఉన్నప్పుడే ఈ తోపులాట ఎక్కువ. కాంతి వేగాన్ని అందుకునే కొద్దీ వాటి సొంత అయస్కాంత ఆకర్షణ ఈ వికర్షణను చాలావరకు రద్దుచేస్తుంది. అందుకే పుట్టిన మొదటి కొన్ని మీటర్లే గండం. 1970 ప్రాంతంలో సోవియట్ శాస్త్రవేత్తలు కాప్చిన్‌స్కీ, తెప్లియకోవ్ దీనికి మందు కనిపెట్టారు. నాలుగు రాగి పలకలను ఎదురెదురుగా నిలబెట్టి, వాటి అంచులను అలలు అలలుగా చెక్కి, రేడియో తరంగాలు నింపుతారు. ఆ అంచుల మధ్య నుంచి పోయే పుంజం పక్కలకి చెదరకుండా నొక్కుకుంటుంది, గుంపులు గుంపులుగా విడిపోతుంది, వేగమూ అందుకుంటుంది. పేరు ఆర్‌ఎఫ్‌క్యూ. దీనికి ముందు లినాక్-2 ముక్కు దగ్గర గదంత కాక్‌క్రాఫ్ట్-వాల్టన్ జనరేటర్ ఉండేది, 7,50,000 వోల్టులది. 1993లో దాన్ని తీసేసి ఆర్‌ఎఫ్‌క్యూ పెట్టారు.

ఇదంతా ఆ అమ్మాయి వాయిస్ మెసేజీల్లో చెప్పింది. నేను పెన్నూ కాగితం పెట్టుకుని రాసుకున్నాను. ఇంట్లోవాళ్లు చూసి ఎవరి సంబంధం వివరాలని అడిగారు.

ఒకరోజు ఆమె ఇలా రాసింది: "సార్, ఇప్పుడు సెర్న్‌లో ప్రోటాన్లు నేరుగా తీయట్లేదు. హైడ్రోజన్‌కి ఇంకో ఎలక్ట్రాను తగిలించి హెచ్ మైనస్ పంపిస్తున్నారు." చదవగానే ఎర్రసిరా చెయ్యి దురద పుట్టింది. "అమ్మాయ్, ప్లస్ బదులు మైనస్ పడింది, దిద్దుకో" అని పంపాను. చివర ఒక చిరునవ్వు బొమ్మ కూడా పెట్టాను, పెద్దమనసుతో. రెండు గంటల తర్వాత జవాబొచ్చింది: "తప్పు పడలేదు సార్."

ప్రోటాను కావాలంటే ఎలక్ట్రాను తీసెయ్యాలి కానీ ఇంకోటి తగిలించడమేమిటి? ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి నాకు మూడు రోజులు పట్టింది. అర్థమయ్యాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తిప్పి ఆలోచించిన ఆ బుర్రల మీద అసూయ వేసింది.

సంగతి ఇది. లినాక్ నుంచి వచ్చిన కణాలను ఒక వలయంలోకి ఎక్కించాలి. వలయంలో అప్పటికే ప్రోటాన్లు తిరుగుతున్నాయి. కొత్తవాటిని అదే దారిలోకి మళ్లించడానికి అయస్కాంతం పెట్టారనుకోండి, ఆ అయస్కాంతమే పాతవాటిని దారి తప్పిస్తుంది. ఇద్దరిదీ ఒకే ఆవేశం, అయస్కాంతానికి పాత కొత్త తేడా తెలియదు. అందుకని పాతకాలంలో కొత్తవాటిని పాతవాటి పక్కనే, ఇంచీ ఇంచీ జరుపుతూ పేర్చేవాళ్లు. కొన్ని ప్రోటాన్లు మధ్యలో అడ్డుపలకకి కొట్టుకుని వృథాగా పోయేవి. హెచ్ మైనస్ అయితే కథ మారిపోతుంది. అదే అయస్కాంతం ప్లస్‌ని ఒకవైపు, మైనస్‌ని ఇంకోవైపు వంచుతుంది కాబట్టి, చెరో వైపు నుంచి వచ్చిన రెండింటినీ ఒకే గీత మీదకి తెచ్చి కలిపేస్తుంది. ఆ గీత మీద మైక్రాను మందం కార్బన్ రేకు అడ్డంగా పెడతారు. హెచ్ మైనస్ దాంట్లోంచి దూరితే రెండు ఎలక్ట్రాన్లూ ఊడిపోయి అవతల ప్రోటానుగా తేలుతుంది, సరిగ్గా పాత ప్రోటాన్ల నడుమ. పాత ప్రోటాన్లు కూడా ఆ రేకులోంచే పోతాయి. ఊడిపోవడానికి వాటి దగ్గర ఎలక్ట్రాన్లే లేవు. కొద్దిగా చెదురుతాయి, అంతే.

కానీ హెచ్ మైనస్‌ను పుట్టించడం అంత తేలిక కాదు. హైడ్రోజన్ తన సొంత ఎలక్ట్రాన్‌ను 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల బిగువుతో పట్టుకుంటే, అదనంగా తగిలించినదాన్ని 0.75తో మాత్రమే పట్టుకుంటుంది. ముట్టుకుంటే రాలిపోయే పువ్వు. 1971లో నోవొసిబిర్స్క్‌లో దూద్నికోవ్ అనే ఆయన సోర్సులో కాస్త సీజియం కలిపితే హెచ్ మైనస్‌లు ఒక్కసారిగా పెరుగుతాయని కనుక్కున్నాడు. సీజియం పూసిన లోహపు ఉపరితలం ఎలక్ట్రాన్లను సులువుగా విడిచిపెడుతుంది. వచ్చి తగిలిన హైడ్రోజన్ వాటిని ఎత్తుకుని పోతుంది. సీజియం 28.5 డిగ్రీలకే కరుగుతుంది. మా ఊరి వేసవిలో నీడలో పెట్టినా నీరైపోతుంది. నీరు తగిలితే మాత్రం పేలుతుంది.

2020 చివర్లో లినాక్-2 స్థానంలోకి లినాక్-4 వచ్చింది. దాని సోర్సులో వేడి తీగ లేదు. పింగాణీ గదిలోకి చిటికెడు హైడ్రోజన్ ఊదుతారు. గది చుట్టూ చుట్టిన తీగచుట్టలో రేడియో పౌనఃపున్యపు కరెంటు పంపితే లోపల ప్లాస్మా వెలుగుతుంది. సెకనులో ఓ వెయ్యో వంతు వెలిగి, ఆరిపోయి, మళ్లీ సెకను దాటాక వెలుగుతుంది. హెచ్ మైనస్‌లతో పాటు బోలెడు ఎలక్ట్రాన్లు కూడా బయటికి దూకుతాయి. అవీ మైనస్సే కదా. చిన్న అయస్కాంతంతో వాటిని పక్కకి లాగి పారేస్తారు. మిగిలినవి 45 కిలో ఎలక్ట్రాన్ వోల్టులతో బయల్దేరతాయి. కాంతి వేగంలో ఒక శాతం. మూడు మీటర్ల ఆర్‌ఎఫ్‌క్యూ దాటేసరికి 3 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, లినాక్ చివరికి 160. అప్పటికి కాంతి వేగంలో సగం దాటాయి. అక్కడ కార్బన్ రేకు.

ఇక్కడ ఇంకో పాత గాయం కెలుక్కోవాలి. చాలా ఏళ్ల కిందట రిఫ్రెషర్ కోర్సుకి ఢిల్లీ వెళ్లినప్పుడు ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌కి తీసుకెళ్లారు. అక్కడ పెలట్రాన్ అని గుడిగోపురమంత ఉక్కు టాంకు, నిలువుగా ఉంటుంది. లోపల నడిమిలో కోటిన్నర వోల్టులు పట్టుకోగల టెర్మినల్. "సోర్సు పై అంతస్తులో ఉంది, రండి" అన్నారు. మోకాళ్ల నొప్పి అని చెప్పి కింద ఉండిపోయాను. నిజానికి కింద టీ ఇస్తున్నారు. టాంకు ముందు నిలబడి ఫోటో దిగి, ఊరికొచ్చి అందరికీ చూపించాను. పైన ఉన్నది సీజియం సోర్సేనట. సీజియం అయాన్లతో ఘన పదార్థాన్ని కొడితే, దాని పరమాణువులు మైనస్ ఆవేశంతో ఎగిరిపడతాయి. మైనస్ కాబట్టి ప్లస్ టెర్మినల్ వాటిని కిందికి లాగుతుంది. అక్కడ రేకో వాయువో తగిలి ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ప్లస్ అయ్యాక అదే టెర్మినల్ వాటిని కిందికి తోస్తుంది. ఒకే వోల్టేజీతో రెండుసార్లు పని. హైదరాబాద్‌లో అణుశక్తి విభాగం వాళ్ల పదార్థ విశ్లేషణ కేంద్రంలో ఉన్న 3 మెగావోల్టుల టాండెట్రాన్‌ది కూడా ఇదే కిటుకు. హెచ్ మైనస్ అనగానే నేను వెక్కిరించిన ఈ ఎత్తు, అప్పుడు మెట్లెక్కి ఉంటే నా కళ్లముందే ఉండేది. టీ కూడా ఏమంత బాగోలేదు.

ప్రోటాన్ల సంగతి అయ్యాక సీసం వచ్చింది. ఎల్‌హెచ్‌సీలో కొన్ని వారాలు సీసం అయాన్లను కూడా ఢీకొట్టిస్తారు. సీసంలో 82 ఎలక్ట్రాన్లు. "అన్నీ ఒకేసారి పీకేస్తే పోలా?" అన్నాను. ఆ అమ్మాయి అరటిబోదె గుర్తుచేసింది. పై దొప్పలు చేత్తో వస్తాయి, లోపల దూట దగ్గరికి వచ్చేసరికి కత్తి కావాలి. సీసం-208 చిన్న ముక్కను బుల్లి పొయ్యిలాంటి దాంట్లో పెట్టి ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి చేరే గదిలో అయస్కాంత క్షేత్రం, మైక్రోవేవ్‌లు కలిసి ఉంటాయి. క్షేత్రంలో ఎలక్ట్రాన్లు గిరగిరా తిరిగే లయా మైక్రోవేవ్ లయా ఒకటే అయ్యేలా పెడతారు. ఉయ్యాల ఊపు సరిగ్గా అందినట్టు ఎలక్ట్రాన్లు వేడెక్కిపోయి, సీసాన్ని మళ్లీ మళ్లీ కొట్టి ఒక్కొక్క పొరా ఊడదీస్తాయి. ఈ పద్ధతికి ఆద్యుడు గ్రెనోబుల్‌లో పనిచేసిన రిషార్ గెలె. వంటింటి మైక్రోవేవ్‌కి ఆరింతల పౌనఃపున్యం, 14.5 గిగాహెర్ట్జ్. అంతా చేస్తే 29 ఊడతాయి. లినాక్-3 అనే యంత్రంలో కాస్త జోరు అందుకున్నాక ఒక రేకులోంచి పంపితే ఊడినవి 54 అవుతాయి. ఇంకా పెద్ద వలయంలో తిప్పి, ఎస్‌పీఎస్ అనే దాంట్లోకి పంపేముందు మరో రేకు పెడితే అప్పుడు 82కి 82. జోరు పెరిగే కొద్దీ కత్తికి పదును.

ఈ మధ్య మా బంధువుల్లో ఒకాయనకి హైదరాబాద్‌లో పెట్ స్కాన్ చేయించాం. మందు కోసం రెండు గంటలు కూర్చోబెట్టారు. ఆ మందులో ఉండేది ఫ్లోరిన్-18. సైక్లోట్రాన్ నుంచి వచ్చిన ప్రోటాన్లు ఆక్సిజన్-18 ఉన్న నీటిని కొడితే పుడుతుంది. దాదాపు 110 నిమిషాలకి సగమైపోతుంది కాబట్టి వండిన పూటే వాడెయ్యాలి. ఆస్పత్రుల కోసం పనిచేసే సైక్లోట్రాన్లలో చాలావాటిలో తిరిగేది హెచ్ మైనస్సే. అంచుదాకా వచ్చాక కార్బన్ రేకు తగిలిస్తే అది ప్రోటానై, వంపు ఎదురు తిరిగి, దానంతటదే బయటికి వచ్చేస్తుంది. నేను ఇరవై రెండేళ్లు గీసిన బొమ్మే, రెండు డీలు, మధ్యలో చుక్క. అందులో నేను తప్పుగా చెప్పింది చుక్క ఒక్కటే. వెయిటింగ్ హాల్లో కూర్చుని నర్సుకి ఈ సంగతంతా చెప్పబోయాను. "ఫైలు తెచ్చారా అంకుల్?" అంది.

ఆ అర మార్కు అబ్బాయి పేరు గుర్తుంది కానీ ఇక్కడ రాయను. మిగతా బ్యాచ్ అంతా ఫోన్లో దొరికారు, వాడు దొరకలేదు. వెనక బెంచీ, కిటికీ పక్కన కూర్చునేవాడివి, అక్షరాలు ఎడమవైపుకి వాలేవి. ఇది నీ కంట పడితే రెండో బెంచీ అమ్మాయిని అడుగు, నా నంబరు ఇస్తుంది. ఆ పేపరు నీ దగ్గర ఇంకా ఉంటే తీసుకురా. ఎర్రపెన్ను నా దగ్గర ఉంది.